రాజు దుంకిన రోజు

నా ఉద్యోగ జీవితంలో నన్ను నలుగురి ముందు తిట్టిన అధికారులకు లోటు లేదు. ఫైలు ఆలస్యమైందని తిట్టారు, తొందరపడి పంపానని తిట్టారు. ఒకాయనైతే నా చొక్కా రంగు బాగాలేదని కూడా తిట్టాడు. చదరంగంలో రాజు దూకరాని వేళ దూకాడని తిట్టింది మాత్రం ఒక్కరే. ఆ తిట్లు తిన్న రోజు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. కొత్తగా కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదివితే మంచిది. నాలాంటివాడు ఎలా ఉండేవాడో తెలిస్తే మీరు కాస్త వేరేగా ఉండొచ్చు.

మాది ఏ శాఖో చెప్పను. నా పింఛను కాగితాలు ఇంకా వాళ్ల బల్లల మీదే తిరుగుతున్నాయి. కామారెడ్డి జిల్లా అయిన కొత్తలో మాకు అక్కడ పెద్దాఫీసు, ఎల్లారెడ్డిలో చిన్నాఫీసు ఉండేవి. రెండిటికీ కలిపి నేను ఒక్కణ్నే ప్రోగ్రామర్‌ని. ప్రోగ్రామర్ అంటే ఏదో ఊహించుకోకండి. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం దగ్గర్నుంచి పెద్దసారు ఫోన్‌లో రింగ్‌టోన్ మార్చడం దాకా అన్నీ ఆ హోదా కిందికే వచ్చేవి.

ఆ ఏడాది పై నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో పాత సిస్టమ్ తీసేసి లైనక్స్ పెట్టాలి, ఉత్తరాలన్నీ తెలుగులోనే టైప్ చేయాలి. లైనక్స్ అంటే ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగల సిస్టమ్. దాని లోపలి కోడ్ దాపరికం లేకుండా తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పదిమందికి పంచొచ్చు. నాకు అదంటే ప్రాణం. ఎల్లారెడ్డి ఆఫీసులో ఉన్న ఐదు కంప్యూటర్లకూ ఒక్క రోజులో దాన్ని ఎక్కించి, దేశాన్ని ఉద్ధరించినంత హాయిగా కామారెడ్డి బస్సెక్కాను.

వారం తర్వాత వెళ్లి చూస్తే ఐదింటి మీదా తువ్వాళ్లు కప్పి ఉన్నాయి.

ఆ ఆఫీసును నడిపించేది దోమకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే సీనియర్ అసిస్టెంట్ మేడం. ఏమైందని ఆమెను అడిగాను.

"ఏమైతది సార్? మీ కొత్త సిస్టంల పేకలు లేవు," అన్నారామె. "పాతదాంట్ల అన్నం తిన్నంక పది నిమిషాలు పేకలు పేర్చుకునేటోళ్లం. గది గూడ మీ కండ్లల్ల పడ్డది. ఇగ దాని మొఖం చూసుడెందుకని కప్పి పెట్టినం."

"ఉత్తరాలు?"

"చేతితోని రాసి కామారెడ్డికి పంపుతున్నం. ఆడ టైపు కొట్టుకుంటున్నరు. తెలుగు అక్షరాలు యాడున్నయో ఎతికే వరకు సాయంత్రం బస్సు పోతది సార్."

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. స్వేచ్ఛ, సమానత్వం, తెరిచిన కోడ్ అంటూ చాలా చెప్పాను. ఆమె ఓపికగా విని, "గన్ని ఉన్నయి గని పేకలు లేవు గద," అన్నారు.

ఆ మధ్యాహ్నం వరండాలో ఆ మాటకు నాకు జవాబు దొరికింది. అక్కడ మా అటెండర్ చదరంగం ఆడుతున్నాడు. పాత రికార్డు పెట్టె మూత మీద రంగుతో గీసిన గడులు, అరిగిపోయిన చెక్క బొమ్మలు. ఒక ఒంటె ఎప్పుడో పోతే దాని స్థానంలో కవర్లకు సీలు వేసే లక్క ముక్క నిలబెట్టాడు. ఆఫీసులో అతణ్ని ఓడించినవాళ్లు లేరు. పక్క ఆఫీసుల వాళ్లు కూడా టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, ఓడిపోయి, డబ్బా కడుక్కుని వెళ్లేవారు.

అతని సంగతి కొంచెం చెప్పాలి. ఊరు రామారెడ్డి. అక్కణ్నుంచి కామారెడ్డికి ఒక బస్సు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఇంకో బస్సు. సాయంత్రం మళ్లీ రెండు. భార్య బీడీలు చుట్టేది. ఇరవై రెండేళ్లుగా ఆఫీసరు గది తలుపు పక్కన ఒక స్టూలు మీద కూర్చుంటున్నాడు. బెల్లు మోగితే లేవడం, ఆగితే కూర్చోవడం. కామారెడ్డి పెద్దాఫీసులో ఒక గుమస్తా పోస్టు ఖాళీ ఉంది. చదువు, సర్వీసు అన్నిటి లెక్కప్రకారం ఇతనికే రావాలి. కానీ కంప్యూటర్ మీద తెలుగులో పని చేయగలడని తనిఖీకి వచ్చే అధికారి రాసివ్వాలి. ఆ ఒక్క కాగితం లేక ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి కూడా తిరిగొస్తే ఆ పోస్టు ఇంకో ఆఫీసుకు వెళ్లిపోతుంది.

"నాకు జీతం గురించి గాదు సార్," అన్నాడు నాతో ఒకసారి. "వీపు ఆనే కుర్చీల కూసోవాలె. గంతే. ఈ స్టూలు మీద ఇరవై రెండేండ్లాయె, నడుము ఎనకకు ఒరుగుడే మర్చిపోయింది."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నా బుర్రలో ఒక తుంటరి ఆలోచన పుట్టింది. లైనక్స్ మీద ఆడే చదరంగం ఒకటి రాస్తాను. కానీ మౌస్‌తో బొమ్మ జరపడం కుదరకుండా చేస్తాను. ఎత్తు వేయాలంటే తెలుగులో టైప్ చేయాలి. గుర్రాన్ని కదిలించాలంటే 'గుర్రం' అని కొట్టి, గడి పేరు కొట్టాలి. అక్షరం వెతుక్కోవడం వాళ్లకు ఉత్తరంలో బరువు, ఆటలో బరువనిపించదు. అలా ఆఫీసంతా తనకు తెలియకుండానే తెలుగు టైపింగ్ నేర్చేసుకుంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రాయడానికి మూడు నెలలు పట్టింది. పెద్దాఫీసులో అందరూ నేను జిల్లా మొత్తం రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాననుకుని నా బల్ల దగ్గర మెల్లగా నడిచేవారు. నా ఆట గొప్ప ఆటేమీ కాదు. మూడు ఎత్తులు ముందుకు ఆలోచించేది. నాలుగోది కూడా ఆలోచించమంటే లోపలి ఫ్యాను గట్టిగా మోగేది, తెర అలాగే బిగుసుకుపోయేది. ఒక్క పని మాత్రం బాగా చేశాను. ఆట నియమాలను కోడ్‌లో కలపకుండా వేరే ఫైల్లో, మామూలు తెలుగులో, వరుసకు ఒకటి చొప్పున రాసి పెట్టాను. ప్రతి ఎత్తుకూ ముందు ప్రోగ్రాం ఆ ఫైలు చదువుకుంటుంది. ఇలా ఉండేది:

గుర్రం: ఎటైనా రెండు గడులు, పక్కకు ఒకటి, దూకవచ్చు.
సిపాయి: ముందుకు ఒక గడి.
సిపాయి: ముందుకు రెండు గడులు, మొదటిసారి.

ఇలా ఓ పాతిక వరుసలు. దూరదృష్టితో చేశానని ఎవరైనా అంటే కాదనను గానీ, అసలు కారణం బద్ధకం. నియమం మార్చిన ప్రతిసారీ ప్రోగ్రామంతా మళ్లీ కట్టాల్సిన పని తప్పుతుందని అలా చేశాను. ఫైలు మొదట్లో, లైనక్స్ లోకం మర్యాద ప్రకారం, ఒక వాక్యం కూడా పెట్టాను: 'దీన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.' ఆ వాక్యం రాస్తున్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగింది. నిజంగా ఎవరైనా మారుస్తారని మాత్రం అనుకోలేదు.

ఎల్లారెడ్డిలో తువ్వాళ్లు లేచాయి. మొదటి వారం ఒక్కో ఎత్తుకు పావుగంట పట్టేది. మేడం 'మంత్రి' అని కొట్టడానికి అవస్థపడి, మంత్రిని కదిలించకుండానే రెండు ఆటలు ఓడిపోయారు. నెల తిరిగేసరికి కీబోర్డు చూడకుండా కొడుతున్నారు. ఒకరోజు నాకు వినపడేలా, "ఉత్తరం కొట్టుడు గూడ గింతే గద," అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

అందరికంటే త్వరగా నేర్చింది అటెండరే. అయితే మొదటి రోజే అతనికీ నా ప్రోగ్రాంకూ చెడింది. ఆట మధ్యలో రాజును గుర్రంలా దూకించబోయాడు. తెర మీద ఎర్రగా 'చెల్లదు' అని పడింది.

"సార్, గిదేంది? రాజును దుంకనియ్యదా?"

"రాజు దూకడు కదా తమ్మీ. ఒక గడే కదులుతాడు."

"ఒక్కసారి దుంకుతడు సార్! కదలకముందు, ఆటకు ఒక్కసారి, గుర్రం లెక్క. మా బాపు గట్లనే ఆడిండు, ఆయన బాపు గట్లనే ఆడిండు."

"అది పాత ఊరి ఆట. ప్రపంచమంతా ఇప్పుడు ఇలాగే ఆడుతోంది. దూకుడు బదులు కోట కట్టడం ఉంది చూడు. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదులుతాయి."

కోట కట్టి చూపించాను. అతను రెండు బొమ్మలనూ వేలితో లెక్కపెట్టాడు.

"ఒక్క టికెట్ మీద ఇద్దరు బస్సెక్కినట్టున్నది సార్. గిది తప్పు గాదా?"

మేడం కూడా అతని పక్షమే. పక్క ఆఫీసువాళ్లూ అతని పక్షమే. నేను మాత్రం బిగుసుకుని కూర్చున్నాను. మూడు నెలలు కష్టపడి ప్రపంచ నియమాలతో రాసిన ఆటను ఎల్లారెడ్డి వరండా కోసం మార్చడమా అనుకున్నాను. పైకి మాత్రం, "చాలా కష్టం తమ్మీ, లోపల చాలా మార్చాలి," అన్నాను. అది అబద్ధం. ఆ ఫైల్లో ఒక్క వరుస చేరిస్తే చాలు. ఆ మాట చెప్పకపోవడం నా మొదటి తప్పు. రెండోది దీనికంటే పెద్దది, దాని దగ్గరికీ వస్తాను.

కొన్నాళ్లకు తనిఖీ కబురు వచ్చింది. వచ్చే అధికారి కామారెడ్డి పెద్దాఫీసుకు కొత్తగా వచ్చిన మనిషి. కోపిష్టి అని, నవ్వగా చూసినవాళ్లు లేరని ముందే వార్త చేరింది. అటెండర్ కాగితం ఆయనే ఇవ్వాలి. మేడం వారం ముందు నుంచే అతనికి మాదిరి ఉత్తరాలు చదివి చెప్తూ టైప్ చేయించారు. మంచి వేగమే ఉంది. తనిఖీ నాడు నేనూ పొద్దున్నే బస్సులో ఎల్లారెడ్డి చేరాను. అటెండర్ ఇస్త్రీ చొక్కాతో, నున్నగా దువ్విన తలతో ఉన్నాడు. మొఖంలో ఏదో రహస్యపు సంతోషం కూడా కనిపించింది. పరీక్ష ధైర్యం అనుకున్నాను.

అధికారి వచ్చారు. రిజిస్టర్లు చూశారు, బీరువా తెరిపించారు, దుమ్ము మీద వేలితో గీత గీసి అందరికీ చూపించారు. మేడం ఆ కంగారులో తన తెర మీద పొద్దుటి ఆట మూయడం మరిచిపోయారు. ఆయన అటు తిరగబోతుండగా గుర్తొచ్చి, పాత సిస్టమ్‌లో పేకలు దాచడానికి నొక్కే మీట టక్కున నొక్కారు. కొత్త సిస్టమ్‌లో ఆ మీట వేరే పని చేస్తుంది. చదరంగం తెర నిండా పెద్దగా పరుచుకుంది.

"ఇదేమిటి? ఆఫీసులో ఆటలా?" అన్నారాయన.

నేను ముందుకొచ్చి, "ఆట కాదు సార్, తెలుగు టైపింగ్ శిక్షణ సాఫ్ట్‌వేర్. నేనే తయారుచేశాను," అన్నాను. ఆ 'నేనే' అన్న మాటను గుర్తుపెట్టుకోండి.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశారు. తర్వాత మేడం కుర్చీలో కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఒక్క వేలితో టైప్ చేస్తూ కొత్త ఆట మొదలుపెట్టారు. నాలుగు ఎత్తులు చూడగానే అర్థమైంది, ఈయన ఆట తెలిసిన మనిషి. తనిఖీ ఆగిపోయింది. రిజిస్టర్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. అందరం ఆయన వెనక గుండ్రంగా నిలబడ్డాం. మెల్లమెల్లగా ఆయన మొఖం విచ్చుకుంది. నా ప్రోగ్రాం ఒక ఏనుగును పోగొట్టుకుంది, రెండు సిపాయిలను పోగొట్టుకుంది, దాని రాజు కోట కట్టకుండా ఉన్నచోటే ఇరుక్కుపోయాడు. మేడం నా వైపు చూసి కళ్లతోనే 'మంచిదే' అన్నారు. సారు గెలిస్తే కాగితం మీద సంతకం పడుతుంది.

ఆయన తన మంత్రిని నల్ల రాజు దాపుకి తెచ్చి, చెక్ అనడానికి బదులు పాత పద్ధతిలో, "షా!" అని గట్టిగా అని, కుర్చీలో వెనక్కి ఒరిగారు. "ఇగ ఏడికి పోతవు? ఆటకట్టు."

ప్రోగ్రాం కొంచెం ఆలోచించింది. నల్ల రాజు ఉన్నచోట మాయమై, తన సిపాయిల మీదుగా గుర్రంలా దూకి, అక్కడ నిలబడి ఉన్న ఆయన గుర్రాన్ని తినేసి కూర్చున్నాడు.

నేను రాసిన ఆటలో రాజు దూకడు. దూకే వీలే లేదు. ఆయన మెడ ఎర్రబడటం వెనక నుంచి నాకు స్పష్టంగా కనిపించింది.

"ఏమిటిది?" అన్నారాయన మెల్లగా. "ఎవరు చేసిండ్రు ఇది?"

ఇదిగో, నా రెండో తప్పు ఇక్కడ. అరగంట ముందు 'నేనే తయారుచేశాను' అన్న ఈ పెద్దమనిషి నోరు ఏం అందో వినండి. "ఉచితంగా వచ్చిన సిస్టమ్ కదా సార్, ఇలాంటి లోపాలు ఉంటూనే ఉంటాయి," అన్నాను. ఏళ్ల తరబడి నేను పొగిడిన లైనక్స్‌ను ఒక్క వాక్యంలో అమ్మేశాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

"అయితే ఇది నమ్మదగ్గది కాదన్నట్టు," అన్నారాయన. "ఇలాంటిదాని మీద పని నేర్చుకున్న మనిషికి నేను యోగ్యత కాగితం ఎట్ల ఇయ్యాలె?"

అటెండర్ టీ కప్పుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పళ్లెం మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సిస్టం తప్పు గాదు సార్," అన్నాడు. "గా లైను నేనే రాసిన."

అందరం అతని వైపు తిరిగాం.

"నిన్న సాయంత్రం బస్సుకు టైమున్నదని మేడం సిస్టం ముందట కూసున్న. ఫైలు తెర్చి చూసిన. అండ్ల మొదలే రాసున్నది సార్, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు అని. సారే రాసిండ్రు. గుర్రం లైను చూసి రాజుకు గూడ గట్లనే రాసిన. సిపాయి లైన్ల 'మొదటిసారి' అని ఉన్నది, గది గూడ పెట్టిన. నా రాజు దుంకిండు, మస్తు సంబురమైంది, బంద్ చేసి పోయిన. కంప్యూటర్ రాజు గూడ దుంకుతడని యాది రాలే సార్."

స్టూలు మీద కూర్చునే మనిషి, ఎవరూ చెప్పకుండా, నా ఫైలు తెరిచి, చదివి, అర్థం చేసుకుని, దాని భాషలోనే కొత్త నియమం రాశాడు. ఆ సమయంలో నాకు గర్వం కలగాల్సింది. కలిగింది మాత్రం భయమే. అయిపోయింది, ఇతని పోస్టు పోయింది అనుకున్నాను.

అధికారి లేచి నిలబడ్డారు.

"రాజు దుంకిండని నేను అడిగిన్నా?" అన్నారు. గొంతు పెరిగింది. మిగిలిన ఆఫీసు భాష కూడా జారిపోయి పూర్తిగా ఊరి భాష బయటపడింది. "రాజు దుంకుతడు! దుంకడని ఎవడన్నడు? నేను బీర్కూర్ల మా తాత దగ్గర నేర్చుకున్న. దుంకకుంటే అది చదరంగమేంది? కని షా పడ్డంక దుంకుడేందయ్యా? షా లేనప్పుడు దుంకాలె! మీ బాపు నీకు గిది చెప్పలేదా?"

మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అటెండర్ మొఖం ఒక్కసారిగా మారిపోయింది.

"చెప్పిండు సార్! షా లేనప్పుడే దుంకాలె. నాకు ఎరుకనే. గని గా మాట ఎట్ల రాయాల్నో తెల్వలేదు. నేను ఎన్నడు షాల దుంక గద, అందుకే రాయకున్నా నడుస్తది అనుకున్న."

"నువ్వు దుంకవయ్యా, కంప్యూటర్‌కు నీతి ఉంటదా?" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగారు. "ఏం ప్రోగ్రామర్ గారూ, ఉచితంగా వచ్చిందని లోపమా? చేసినోడు నేనే అని చెప్పే మనిషి అటెండర్ పోస్టుల ఉన్నడు. మీరేమో..." ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. పూర్తి చేసుంటేనే బాగుండేదేమో. ఇన్నేళ్లుగా దాన్ని నేనే రకరకాలుగా పూర్తి చేసుకుంటున్నాను.

"కూసో," అన్నారు అటెండర్‌తో. "దిద్దు. నా ముందట. ఈ సారు నోరు తెర్వద్దు."

అతను అలవాటు కొద్దీ తలుపు దగ్గరి స్టూలు తేవడానికి వెళ్లబోయాడు.

"స్టూలెందుకు? ఆ కుర్చీల కూసో."

మేడం కుర్చీ అంచున పక్షిలా కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు. ఒక్కో వరుస పెదాలు కదుపుతూ చదువుకుంటూ కిందికి పోతున్నాడు. ఏనుగు, ఒంటె, గుర్రం, సిపాయి. అన్నీ అయిపోయి చివరి వరుసల దగ్గరికి వచ్చాడు. నాకు తెలుసు, అతనికి కావలసిన మాట ఆ ఫైల్లోనే ఉంది. కోట కట్టే వరుసలో ఉంది. షా ఉన్నప్పుడు కోట కట్టరాదు కదా, అందుకని నేనే రాశాను. కానీ కోట కట్టడమంటే అతనికి మంట. ఆ వరుసను అతను ఎన్నడూ చదివి ఉండడు. చెప్పాలని నా నాలుక కొట్టుకుంటోంది. అధికారి నా వైపే చూస్తున్నారు. నా ఉద్యోగంలో నేను అంత కష్టపడి ఊరకున్న నిమిషాలు ఇంకోసారి లేవు.

అతను కోట వరుస దగ్గర ఆగాడు. దాటేసి పోయాడు. ఫైలు అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చాడు. రెండోసారి కూడా దాటేశాడు. మూడోసారి ఆ వరుస మీద వేలు పెట్టి, చేదు మందు మింగేవాడిలా మొఖం పెట్టి చదివాడు.

'కోట: రాజు పక్కకు రెండు గడులు, ఏనుగు రాజును దాటి, మొదటిసారి, షా లేనప్పుడు.'

"ఉన్నది!" అని అరిచాడు. "గీ దొంగ లైన్లనే ఉన్నది సార్!"

టకటకా తన వరుస చివర కొట్టాడు. కీబోర్డు వైపు చూడలేదు. ఇప్పుడు ఆ వరుస ఇలా ఉంది:

'రాజు: ఎటైనా రెండు గడులు, పక్కకు ఒకటి, దూకవచ్చు, మొదటిసారి, షా లేనప్పుడు.'

ఎత్తు వెనక్కి తీసి మళ్లీ నడిపించాడు. అధికారి మంత్రిని జరిపి షా అన్నారు. ప్రోగ్రాం ఆలోచించింది, ఇంకా ఆలోచించింది. తెర మీద 'ఆటకట్టు' అని పడింది. నవ్వగా ఎవరూ చూడలేదన్న ఆ మనిషి పళ్లన్నీ కనపడేలా నవ్వారు. టీ అప్పటికే చల్లారిపోయింది, అయినా కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశారు.

"నీ యోగ్యత కాగితం నువ్వే కొట్టు," అన్నారు. "నేను చెప్తా, నువ్వు కొట్టు. అదే పరీక్ష."

అతను కొట్టాడు. 'కంప్యూటర్ మీద తెలుగులో స్వయంగా పని చేయగలడని ధ్రువీకరించడమైనది' దగ్గర మాత్రం వేళ్లు కాసేపు ఆగాయి. అక్షరాలు తెలియక కాదు. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అధికారి ఆ కాసేపూ కిటికీలోంచి బస్సులు చూశారు. తర్వాత సంతకం పెట్టారు. జీపెక్కుతూ నన్ను పిలిచి, "ఆ కోట కట్టుడు తీసెయ్యలేరా?" అని అడిగారు. తీసేయను సార్, అదే లేకపోతే ఇవాళ మాట దొరికేది కాదు అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన ఒకే ఒక్క మంచి మాట అది. ఆయన ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. 'ఎవరైనా మార్చవచ్చు' అని రాసేటప్పుడు ఆ ఎవరైనా అన్న మనిషి మొఖం ఒకసారి ఊహించుకోండి. నేను ఎప్పుడూ నాలాంటివాణ్నే ఊహించుకున్నాను. టీ పళ్లెం పట్టుకున్నవాడు వచ్చి ఆ ఫైలు తెరుస్తాడని అనుకోలేదు.

నేను రిటైరై కొన్నేళ్లయింది. నా సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. కొత్తవి వచ్చాయి, కొత్త పిల్లలు వచ్చారు. ఏడాదికోసారి బతికే ఉన్నానని కాగితం ఇవ్వడానికి కామారెడ్డి పెద్దాఫీసుకు వెళ్తాను. ఆ కాగితాలు తీసుకునే గుమస్తా అతనే. వీపు ఆనే కుర్చీలో, పూర్తిగా వెనక్కి ఒరిగి కూర్చుని ఉంటాడు. కొత్త కంప్యూటర్‌లోకి కూడా ఆ చదరంగాన్ని తనే ఎక్కించుకున్నాడు.

మొన్న వెళ్లినప్పుడు నాకు స్టూలు చూపించాడు.

"కూసోండ్రి సార్. ఒక్క ఆట ఆడుండ్రి, అయినంక ముద్ర కొడత. సచ్చినోళ్లు ఆడరు గద, బతికున్నట్టు సాక్ష్యం గూడ అయితది."

కీబోర్డు నా ముందుకు జరిపి, తను నా కాగితాలు సర్దుకుంటున్నాడు. నా ప్రోగ్రామే కదా, మూడు ఎత్తులకంటే ముందుకు చూడదు కదా అని ధీమాగా ఆడాను. ఇరవై ఎత్తులకే నా రాజు ఇరుకున పడ్డాడు. షా. పక్కకు దారి లేదు. గుర్రంలా దూకితే మాత్రం తప్పించుకోవచ్చు. నా రాజు ఇంకా కదలలేదు కూడా. అతని వైపు చూశాను, ముద్ర కోసం సొరుగులో వెతుకుతున్నాడు. చూడట్లేదు కదా అని మెల్లగా టైప్ చేసి మీట నొక్కాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: 'చెల్లదు. షా లేనప్పుడు మాత్రమే.'

అతను తలెత్తలేదు. ముద్రను సిరాదిండుకు అద్దుతూ, "గా లైను నేనే రాసిన సార్," అన్నాడు.